తెల్ల మూతలు

ఆ ఇంట్లో ఏ వస్తువుకీ పేరు లేదు. సబ్బుకు లేదు, టీ డబ్బాకు లేదు, పొయ్యికి లేదు, ఆఖరికి కాళ్ళకు వేసుకునే చెప్పులకు కూడా లేదు. కొత్త వస్తువేదైనా గడప దాటి లోపలికొచ్చిందంటే ముందు దానికి గుండు కొట్టాల్సిందే. గుండు కొట్టడమన్న మాట అత్తగారు పెట్టింది. కోడలు వేడినీళ్ళ గిన్నె ముందు కూర్చుని సీసా మీది కాగితం ఊడదీస్తుంటే చూసి, ఇవాళ ఎవరికే గుండు, అని అడిగిందావిడ ఒకసారి. అప్పట్నుంచీ ఆ మాటే స్థిరపడిపోయింది. ఫలానా డబ్బాకి గుండయిందా అని కొడుకు అడిగేవాడు, అయింది, ఆరబెట్టానని కోడలు చెప్పేది. బయటివాళ్ళు వింటే ఏమనుకుంటారన్న బెంగ ముగ్గురిలో ఎవరికీ లేదు.

పిచ్చేమీ కాదు, అది వాళ్ళ బతుకుతెరువు. కొడుకు ఫొటోగ్రాఫరు. పెళ్ళిళ్ళు తీసే రకం కాదు. కిటికీ పక్కన బల్ల వేసుకుని మామూలు వస్తువుల్నీ మామూలు పనుల్నీ తీస్తాడు. కప్పులో టీ పోస్తున్న చేయి, మడతపెట్టిన చొక్కాల దొంతర, బూట్లకు ముడివేస్తున్న వేళ్ళు, ఇలాంటివన్నమాట. వాటిని ఫొటోలు అమ్మిపెట్టే ఒక కంపెనీకి పంపుతాడు. ఎక్కడో ఎవరికో ఒక ప్రకటనకో పుస్తకానికో బొమ్మ కావాలంటే అక్కడ వెతుక్కుని కొనుక్కుంటారు. ఒక్కో బొమ్మకి వచ్చేది చిల్లరే. ఎన్ని ఎక్కువ పంపితే అంత మంచిది కాబట్టి వారమంతా ఆ కిటికీ దగ్గర ఏదో ఒక తతంగం నడుస్తూనే ఉండేది.

అయితే దానికొక షరతుంది. బొమ్మలో ఏ కంపెనీ పేరూ, ఏ గుర్తూ కనపడకూడదు. ఆ పేరు వాళ్ళ సొత్తు. దాన్ని నీ ఫొటోలో పెట్టి అమ్ముకున్నావంటే రేపు వాళ్ళు కోర్టుకీడుస్తారు, నిన్నూ ఈడుస్తారు, అమ్మిపెట్టినవాణ్ణీ ఈడుస్తారు. అందుకని అమ్మే కంపెనీలో ఒక పరీక్షకుడుంటాడు. ఆ మహానుభావుడెవరో, ఆడో మగో కూడా వీళ్ళకు తెలియదు. వీళ్ళు పెట్టుకున్న పేరు డేగ. చొక్కా బొత్తాం మీద గోటి మొనంత అక్షరాలున్నా డేగకు కనపడేవి. వెంటనే బొమ్మ తిరిగొచ్చేది, కింద ఒక్క వాక్యంతో. పేరు కనపడుతోంది, లేదా గుర్తు కనపడుతోంది. ఆ వాక్యానికి ముందు నమస్కారమూ ఉండదు, వెనక క్షమాపణా ఉండదు.

మొదట్లో కొడుకు అవన్నీ కంప్యూటర్లో చెరిపేవాడు. రోజుకు పది గంటలు తెరకు ముక్కు ఆనించి అక్షరం అక్షరం తుడిచేవాడు. తుడిచినచోట మరక పడితే అదీ డేగ పట్టేసేది. అలా తుడిచీ తుడిచీ అతని కళ్ళు ఎండిపోయాయి. కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటోందంటే డాక్టరు చూసి, జబ్బేమీ లేదు, తడి చాలడం లేదని నీళ్ళలాంటి చుక్కల మందు రాసింది. అప్పుడే కోడలు చీర కుచ్చిళ్ళు దోపుకుని రంగంలోకి దిగింది. కెమెరా ముందుకు వచ్చేలోపే పేరు పీకేస్తే చెరిపే బాధే ఉండదు గదా అంది. అన్నమాట నిలబెట్టుకుంది కూడా. కాగితమైతే వేడినీళ్ళు, జిగురు మిగిలితే నూనె, రేకు మీద అచ్చయితే గోళ్ళరంగు తుడిచే మందు, గట్టి ప్లాస్టిక్ మీద ఉబ్బెత్తు అక్షరాలైతే గరుకు కాగితం. ఏ పేరును ఏ మందుతో చంపాలో ఆమెకు కొట్టినపిండి.

బట్టల మీది పేర్లు మాత్రం అత్తగారి వాటా. ఆవిడ యూనిఫారాలు కుట్టే మిల్లులో నలభై ఏళ్ళు పనిచేసింది. చొక్కా జేబుల మీద కంపెనీల పేర్లు కుట్టడమే ఆవిడ పని. ఇప్పుడు అదే చేత్తో, కుట్లు విప్పే కొక్కెం పట్టుకుని, ఒక్కో పేరూ గుడ్డ చిరగకుండా విప్పేది. నలభై ఏళ్ళు కుట్టిన పాపం ఇలా కడుక్కుంటున్నానని నవ్వేది. నోట్లో నువ్వుగింజ నానదు ఆవిడకి. ఉప్పు తగ్గితే అనేది, ఎక్కువైతే అనేది, సరిగ్గా ఉంటే ఇవాళెందుకు సరిపోయిందో అనేది. కోడలు మొదటి రెండేళ్ళూ ఆ మాటలకు కుమిలింది, తర్వాత అలవాటు పడింది, ఆ తర్వాత ఎదురు మాట నేర్చుకుంది. ఆ ముగ్గురి మధ్యా ప్రేమ లేదని మాత్రం ఎవరూ అనలేరు.

అసలు సంగతి ఆవిడ కళ్ళు. లోపలి ఒత్తిడి పెరిగి చూపుని తినేసే జబ్బు అది. నొప్పి ఉండదు, ఎరుపుండదు, దొంగలా వచ్చి అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. ఎడమ కన్ను అది బయటపడేలోపే పోయింది. కుడి కన్ను మిగిలింది. రోజూ సాయంత్రం ఒక చుక్క మందు వేస్తే ఆ కన్ను నిలబడుతుంది, పోయిన చూపు మాత్రం దేవుడు దిగొచ్చినా తిరిగి రాదు అని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. ఆ చుక్క వేసే పని కోడలు తీసుకుంది. నాలుగేళ్ళలో ఒక్క సాయంత్రం తప్పలేదు. తనకు జ్వరమొచ్చి లేవలేని రోజు కూడా గోడ పట్టుకుని వచ్చి వేసింది. ఉన్న ఒక్క కన్నూ ఉన్నంతకాలం సూదిలో దారం నేనే ఎక్కించుకుంటాను, అంతకన్న నాకేం వద్దనేది అత్తగారు.

ఇలా ఉండగా అమ్మే కంపెనీ నుంచి ఒక కబురొచ్చింది, మందుల ఫొటోలకు గిరాకీ బాగుంది, పంపండని. మందుల సీసాల కోసం ఎక్కడికో పోవడమెందుకు, ఇంట్లోనే ఉన్నాయి గదా అనుకున్నాడు కొడుకు. తల్లికి మూడు నెలలకు సరిపడా మూడు సీసాలు, తనకు మూడు సీసాలు, అప్పుడే తెచ్చి ఉన్నాయి. రెండు మందులూ ఒకే కంపెనీవి, అంతే ఎత్తు, అంతే లావు, లోపలేముందో కనపడని తెల్ల సీసాలు. తేడా అల్లా పైన కాగితం, మూత రంగు. ఆవిడ మందుకు ఆకుపచ్చ మూత, అతని మందుకు నీలం మూత. కోడలు ఆరింటికీ గుండు కొట్టింది. కొట్టేముందు కాస్త ఆగింది పాపం, ఆగలేదనకూడదు. మూతల రంగులున్నాయి కదా, ఫరవాలేదనుకుంది.

ఫొటో వెళ్ళింది, రెండు రోజుల్లో తిరిగొచ్చింది. ఈసారి డేగ రాసిన వాక్యం కొత్తది. సీసా ఆకారమూ మూత రంగూ కలిసి ఫలానా కంపెనీ సరుకని తెలిసిపోతోందట. రంగు కూడా సొత్తేనట. ఆకుపచ్చకి కూడా యజమానులుంటారటే, రేపు గాలి పీల్చుకున్నా ఎవడో వచ్చి అడుగుతాడని అత్తగారు ముక్కున వేలేసుకుంది. కొడుకు నిట్టూర్చాడు. కోడలు మాత్రం ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. అతను జలుబుకు ముక్కులో వేసుకునే ఉప్పునీటి మందు సీసాల మూతలు ఆమె పారేయకుండా ఒక డబ్బాలో దాచింది. అవన్నీ తెల్లవి. తిప్పి చూస్తే సరిగ్గా పట్టాయి. ఆ చేతి నేర్పే కొంప ముంచిందని ఇప్పుడు అనుకుని ఏం లాభం. ఆరు సీసాలకూ తెల్ల మూతలు బిగించి, ఎడమ పక్క మూడూ అత్తయ్యవి, కుడి పక్క మూడూ ఈయనవి అని పైకి అనుకుంటూ బల్ల మీద వరసగా నిలబెట్టింది. పాలు పొంగుతున్న వాసనొస్తే వంటింట్లోకి పరుగెత్తింది.

ఆ కాస్త సేపులోనే జరిగింది. కొడుకు కెమెరాలోంచి చూశాడు. ఎడమ పక్క సీసాల్లో ఒకదానికి చిన్న సొట్ట ఉంది, కిటికీ వెలుతురు సరిగ్గా దాని మీదే పడి ఎత్తి చూపిస్తోంది. ఆ మూడింటినీ తీసి కుడివైపు పెట్టి, కుడివైపు మూడింటినీ ఇటు తెచ్చాడు. అతని కంటికి అవి మందులు కావు, ఆరు తెల్లటి ఆకారాలు. వెలుతురు కుదిరింది, ఫొటో కుదిరింది, అతనికి సంతోషమైంది. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎడమ పక్క మూడూ తీసి అత్తగారి మంచం పక్క సొరుగులో, కుడి పక్క మూడూ అతని కంప్యూటరు బల్ల సొరుగులో పెట్టేసింది. పాత మూతలు మళ్ళీ బిగించనా అని అడిగింది కూడా. డేగ మళ్ళీ తిప్పికొడితే మళ్ళీ తీయాలి గదా, ఉండనీ అన్నాడతను. ఆమె ఉండనిచ్చింది.

ఫొటో ఈసారి తిరిగి రాలేదు. అంతేనా, అమ్ముడుపోయింది. ఆరు తెల్ల సీసాలు, ఒక మెత్తటి నీడ. ఎవరి పేరూ లేదు కాబట్టి ఎవరైనా తమ పేరు వేసుకోవచ్చు. అతను ఇన్నేళ్ళలో తీసిన ఏ బొమ్మా అంతలా పోలేదు. నీ కళ్ళమందు మనకి కలిసొచ్చిందమ్మా అని తల్లితో అన్నాడు. కోడలికి అది తన గెలుపులా అనిపించి ఆ రోజంతా పాట పాడుకుంటూ పనిచేసింది.

నెల తిరిగింది. కొడుకు కళ్ళు ఎర్రగా ఉండసాగాయి. చుక్క వేసుకుంటే మండినా, ఎండిన కళ్ళు గదా అని ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు. ఆ తెర చూపులు తగ్గించవయ్యా అని తల్లి తిట్టింది. ఇంకో విచిత్రం, అతని కనురెప్పల వెంట్రుకలు పొడుగవడం మొదలెట్టాయి. నల్లగా, ఒత్తుగా, వంపు తిరిగి. కోడలు అద్దం తెచ్చి చూపించి నవ్వింది, నాకివ్వాల్సింది మీకిచ్చాడండీ దేవుడని. అతను సిగ్గుపడి అద్దం తోసేశాడు. ఆ తర్వాత వారం రోజులు అదే వేళాకోళం. ఆడపిల్ల రెప్పలు, బొమ్మ రెప్పలు అంటూ ఏడిపించింది.

అత్తగారు మాత్రం తలుపు చెక్కకు తగలడం మొదలెట్టింది. బల్ల కోణం తొడకు కొట్టుకుని నల్లగా కమిలింది. గ్లాసు పెట్టబోయి అంచు దాటించి కింద పడేసింది. మామూలు ఇల్లయితే ఎవరికైనా అనుమానం వచ్చేది. ఆ ఇంట్లో బల్ల ఉన్నచోట ఉంటేగా. ఫొటో కోసమని పొద్దున ఇక్కడున్న కుర్చీ మధ్యాహ్నానికి అక్కడుండేది. ఇల్లా ఇది, రైల్వే స్టేషనా, అని ఆవిడ విసుక్కుంటే నిజమే గదా అనుకున్నారు. ఒకరోజు నల్ల చొక్కా మీది నల్ల దారం విప్పబోయి గుడ్డ చింపేసింది. నలభై ఏళ్ళలో ఎప్పుడూ చింపలేదట. నలుపు మీద నలుపు ఎవరికి కనపడుతుంది అత్తయ్యా, అని కోడలే సర్దిచెప్పింది. చెప్పి, సాయంత్రం కాగానే చేతులు కడుక్కుని, ఆవిడ గడ్డం పైకెత్తి, కింది రెప్ప మెల్లగా లాగి, ఒక చుక్క వేసింది. ఎంత శ్రద్ధగా వేసిందో చెప్పాలంటే నోరు రావడం లేదు. రోజూ, తప్పకుండా, తన చేత్తో, ఆ కన్నుకి ఉత్తి నీళ్ళు పోసింది.

మూడు నెలలకు డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు వచ్చింది. ముగ్గురూ వెళ్ళారు. కంటి ఆస్పత్రి వరండాలో పొడుగాటి బెంచీ, మూల నీళ్ళ కూజా, గోడ మీద చిన్నవీ పెద్దవీ అక్షరాల పటం. లోపల గిన్నెలాంటి యంత్రంలో అత్తగారి తల పెట్టించి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. కోడలు పక్కనే నిలబడింది. వెలుగు చుక్కలు వస్తున్నాయి, పోతున్నాయి, అత్తగారి వేలు కదలడం లేదు. ఇంకా మొదలెట్టలేదా అమ్మాయ్, అని ఆవిడ అడిగింది. అప్పటికే సగం అయిపోయింది. కోడలు గోడకి ఆనుకుంది.

డాక్టరమ్మ కాగితం చూసింది. కంట్లో ఒత్తిడి చూసింది, నమ్మకం కుదరక మళ్ళీ చూసింది. మందు రోజూ వేస్తున్నారా, నిజం చెప్పండని అడిగింది.

"ఒక్క పూట తప్పితే ఒట్టు. మా కోడలు నన్ను కంటికి రెప్పలా చూసుకుంటుంది" అంది అత్తగారు. ఎవరినీ మెచ్చుకోని మనిషి ఆ మాట పదిమంది ఎదుట అంది.

ఏ మందు వేస్తున్నారో చూపించమంది డాక్టరమ్మ. కోడలు సంచీలోంచి సీసా తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది, అడుగున చూసింది, మూత చూసింది. దీనికి పేరేదీ అని అడిగింది. కోడలు చెప్పబోయింది. ఫొటోలు, కంపెనీ, పేరు కనపడకూడదు, గుండు. ఇంట్లో అంత తేలిగ్గా దొర్లే మాటలు అక్కడ నోట్లోంచి ఒక్కొక్కటీ రాయిలా పడ్డాయి. డాక్టరమ్మ వింటూ వింటూ తలెత్తి, వెనక నిలబడ్డ కొడుకు వంక చూసింది. అలాగే చూస్తూ ఉండిపోయింది. దగ్గరికి రమ్మంది. దీపం వేసి అతని కళ్ళు చూసింది, రెప్పలు చూసింది. మీరేం మందు వేసుకుంటున్నారని అడిగింది. అతను చెప్పాడు. ఎక్కడ పెడతారని అడిగింది. సొరుగులో అన్నాడు. అదీ ఇలాగే ఉంటుందా అని అడిగింది. అవునన్నాడు.

"మీ అమ్మగారి మందు మీరు వేసుకుంటున్నారు. ఆ మందుకే రెప్పలు ఇలా పెరుగుతాయి. మీ మందు ఆవిడకి పడుతోంది" అంది డాక్టరమ్మ.

డాక్టరమ్మ తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. కుడి కంట్లో చూపు నడిమధ్య వేలెడంత మిగిలిందనీ, అదీ మసకేననీ, మనిషి వస్తే నీడలా తెలుస్తుందనీ, ముఖం తెలియకపోవచ్చనీ, ఆ మిగిలిందైనా నిలవాలంటే ఈ సాయంత్రం నుంచే మందు మొదలెట్టాలనీ చెప్పింది. అత్తగారు అంతా విని, అంటే సూదిలో దారం ఎక్కించుకోలేనన్నమాట అంది. డాక్టరమ్మ అవునంది. సరే, గుడ్డి కన్నా మెల్ల నయమన్నారు, అందులో నాది ఎటూ కాకుండా ఉందని ఆవిడ లేవబోయి కుర్చీ తగిలి తూలింది. ఇద్దరూ చెరో చేయీ పట్టుకున్నారు.

ఇంటికొచ్చాక కొడుకు చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఫొటో తీసేయబోయాడు. అమ్మకం ఆపడానికి బొత్తాం ఉంది, నొక్కాడు. అప్పటికే కొన్నవాళ్ళ దగ్గరున్నవాటిని వెనక్కి రప్పించే బొత్తాం మాత్రం లేదు. కొన్నవాడికి హక్కుంది. ఆ ఆరు సీసాలూ ఎక్కడెక్కడ ఏ గోడల మీద, ఏ పుస్తకాల్లో, ఎవరికి ఏ ధైర్యం చెబుతున్నాయో అతనికి తెలిసే దారి కూడా లేదు. తెర వైపు చూస్తూ, సొట్ట ఉందని నేనే మార్చాను అన్నాడు. అప్పటిదాకా కోడలికి ఆ సంగతి తెలియదు. మార్చారా అంది. సొట్ట ఉంది, వెలుతురు పడుతోంది, మార్చానని మళ్ళీ అన్నాడు.

ఆమెకు ఒక్క క్షణం బరువు దిగినట్టయింది. తన తప్పు కాదు. ఆ వెంటనే అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కాగితాలు పీకింది ఎవరు, మూతలు మార్చింది ఎవరు, ఎడమ కుడి అని లెక్క పెట్టుకుని చూడకుండా ఎత్తింది ఎవరు. తొంభై సాయంత్రాలు ఆ గడ్డం పట్టుకుని పైకెత్తిన చేయి ఎవరిది. తప్పు తనదని అతనంటాడు, తనదని ఆమె అంటుంది. చేతులు కాలాక ఆకుల కోసం ఇద్దరూ కొట్టుకుంటున్నట్టుంది. చివరికి అతను ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. కోడలు వెళ్ళి, వస్తూ దారిలో కొన్న కొత్త మందు సంచీలోంచి తీసింది. ఆకుపచ్చ మూత, పైన కాగితం, కాగితం మీద పేరు. ఆ పేరును మూడుసార్లు పైకి చదివింది.

సాయంత్రమైంది. మందు వేళయింది. ఆమె సీసా తీసుకుని అత్తగారి గది దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. మీరు వెయ్యండని అతని చేతికిచ్చింది. అతను వెళ్ళాడు. అడుగుల చప్పుడు వింటూనే అత్తగారు గుర్తుపట్టింది.

"నువ్వెందుకొచ్చావురా? దాన్ని రమ్మను."

నేనేస్తానమ్మా అన్నాడతను. నాలుగేళ్ళుగా నీకు తోచని పని ఇవాళేం తోచిందిరా, దాన్ని పిలువు అంది. గుమ్మం పక్కన నిలబడి ఉన్న కోడలు లోపలికి రాక తప్పలేదు. నా చేత్తో వద్దత్తయ్యా అంది. ఆవిడ దిండు మీద తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, కన్ను తెరిచి ఎదురుచూసింది. అలా ఎదురుచూసే మనిషి ముందు ఎంతసేపు నిలబడగలరు ఎవరైనా. కోడలు పేరు ఇంకోసారి చదువుకుని, మూత విప్పి, ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, ఒక చుక్క వేసింది.

అత్తగారు కన్ను మూసింది. ముఖం ముడుచుకుపోయింది. పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చింది.

"మండుతోందా అత్తయ్యా?" కోడలు భయపడిపోయింది.

"మండుతోంది. మండాలి. ఈ మందు మొదట్నుంచీ మండేదే." ఆవిడ కొంగు కోసం తడుముకుంది. "మూడు నెలలుగా మండలేదు."

కోడలికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. ముందే తెలుసా మీకు అంది.

"మొదటి రోజే తెలిసింది మండటం లేదని. మందు మారిందని తెలియదులే."

"మరి ఒక్క మాట అనలేదేం అత్తయ్యా? అన్నిటికీ అంటారే."

అత్తగారు కొంగుతో కంటి చివర తుడుచుకుంది. చెప్పాలా వద్దా అని కాసేపు తనలో తను తర్జనభర్జన పడింది.

"మొదట్లో నువ్వు మందేసినప్పుడల్లా నిప్పులు పోశావని తిట్టేదాన్ని, గుర్తుందా? ఒకరోజు నువ్వు వంటింట్లో ఒక్కదానివే ఏడుస్తున్నావు. నీళ్ళకని వచ్చి విన్నాను. నా కన్ను కాపాడటానికి వచ్చిన పిల్లని ఏడిపించానేమిటా అనిపించింది. వంట గురించి అంటాను, ఊడ్చడం గురించి అంటాను గాని ఈ చుక్కల గురించి మాత్రం దీన్ని జన్మలో ఏమీ అనకూడదని ఒట్టు పెట్టుకున్నాను. తర్వాత ఎంత మండినా నోరెత్తలేదు. మండటం మానేసరికి, ఇన్నాళ్ళకి చేయి కుదిరిందిలే పాపం అనుకున్నా. అడిగితే మళ్ళీ తప్పు పడుతున్నాననుకుంటావని ఊరుకున్నా."

గుమ్మంలో నిలబడ్డ కొడుకు తల తిప్పుకున్నాడు.

"అంచేత అంతా నీ నెత్తినే వేసుకోకు. వాడూ మార్చానంటున్నాడుగా, వినపడింది నాకు. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నాకుంది" అంది అత్తగారు.

ఓదార్పుగానే చెప్పింది ఆవిడ. కాని కోడలి గుండెలో అది ఓదార్పులా దిగలేదు. ఇన్నేళ్ళలో ఈ మనిషి అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా మనసులో మెదిలాయి, ఉప్పు మీద, ఊడ్పు మీద, నడక మీద. అవన్నీ అని, ఇదొక్కటీ ఎందుకు దాచుకుంది? ఒక్కసారి, మొదటి రోజునే, ఇదేమిటే ఇవాళ నీళ్ళు పోశావు అని కసిరి ఉంటే ఆ కన్ను ఉండేది. జాలిపడింది. ఆ జాలి తన కోసం పడింది.

"రేపు మండకపోతే చెబుతారా అత్తయ్యా?" అని అడిగింది చివరికి.

"చెబుతాను."

"ఎల్లుండి మండకపోయినా?"

"తిట్టి మరీ చెబుతానే" అంది అత్తగారు.

అప్పుడు కోడలు మంచం పట్టెకు నుదురు ఆనించి బావురుమంది. అత్తగారి చేయి ఆ ఏడుపు వినపడ్డ వైపు వచ్చింది. ముందు గాలిలో వెతికింది, తర్వాత భుజానికి తగిలింది, అక్కణ్నుంచి మెల్లగా పాకి తల దొరికాక అక్కడే ఉండిపోయింది.